మమ్మీ, లంబకోణం అనకు

మౌలాలి నుంచి ఒక అమ్మ ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరాన్ని ఇక్కడ కుదించి చెబుతున్నాను.

ఆవిడకు ముప్పై ఎనిమిదేళ్లు. నల్గొండ వైపు ఒక ఊళ్లో జిల్లా పరిషత్ బడిలో, తెలుగు మీడియంలో పదో తరగతి చదివారు. లెక్కల్లో 91 మార్కులు వచ్చాయి. ఇంటర్ చదువుతుండగా పెళ్లయింది, చదువు అక్కడే ఆగింది. ఇప్పుడు ఇంటి ముందు గదిలో మిషన్ పెట్టుకుని బ్లౌజులు కుడుతున్నారు. ఒక్కతే పాప. ప్రైవేటు బడిలో ఏడో తరగతి, ఇంగ్లిష్ మీడియం. నిరుటి దాకా చదువు బాగానే సాగింది. ఈ ఏడాది కోణాలు, రేఖలు, ఘనాకృతుల పాఠాలు వచ్చాక లెక్కల పరీక్షలో 25కి 8 వచ్చాయి. జవాబు పత్రం చూస్తే 130 డిగ్రీల కోణాన్ని 50 అని కొలిచి, పక్కన అక్యూట్ (90 కంటే తక్కువ) అని రాసి ఉంది. కాంప్లిమెంటరీ యాంగిల్ అడిగితే 180లోంచి తీసేసింది. క్యూబాయిడ్‌కు, అంటే డబ్బా ఆకారానికి, ఎన్ని ఫేసులు (ముఖాలు) అంటే 8 అని రాసింది.

ఆ సాయంత్రం ఈవిడ పాపను పక్కన కూర్చోబెట్టుకుని, "ఇది లంబకోణం కంటే పెద్దగా ఉంది కదరా, అక్యూట్ ఎట్లయితది?" అని అడిగారు. "మమ్మీ, లంబకోణం అనకు. అట్లంటే మా మేడమ్ తిడతది. నీకు మ్యాథ్స్ రాదు" అంది పాప. బ్లౌజులు తీసుకుపోవడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు అక్కడే ఉన్నారు. తర్వాత బడిలో తల్లిదండ్రుల సమావేశానికి వెళ్తే, "ఇంట్లో తెలుగు పేర్లు చెప్పకండి, పిల్ల కన్‌ఫ్యూజ్ అవుతోంది" అన్నారు టీచర్. నెలకు మూడు వేలు పెట్టి ట్యూషన్‌లో వేద్దామంటున్నారు భర్త. "వాళ్ల సదువులు వేరే, నీకెందుకు టెన్షన్?" అంటున్నారు అత్తమ్మ. అప్పటి నుంచి పాప లెక్కల నోటుబుక్కు తీయగానే ఈవిడ ఏదో పని కల్పించుకుని వంటింట్లోకి వెళ్లిపోతున్నారు. "నేను చదివిన చదువు నా బిడ్డకే పనికిరాకపోతే ఇంకెవరికి పనికొస్తది?" అని రాశారు. నేనే చెప్పనా, ట్యూషన్‌లో వేయనా, వదిలేయనా అన్నది ఆవిడ ప్రశ్న. ఉత్తరం చివర్లో చిన్న అక్షరాలతో ఇంకో సందేహం: రిఫ్లెక్స్ యాంగిల్‌ను మన తెలుగు పుస్తకంలో ఏమనేవాళ్లో ఎంత గుర్తుచేసుకున్నా రావడం లేదట.

అమ్మా, ముందు ఆ జవాబు పత్రం సంగతి చూద్దాం. మీరు పంపిన ఫోటోను పెద్దది చేసుకుని చూశాను. పాప చేసిన మూడు తప్పులూ మూడు రకాలు. మీరు మూడింటినీ కలిపి "ఇంగ్లిష్ పేర్ల వల్ల" అనుకున్నారు. టీచర్ మూడింటినీ కలిపి "తెలుగు పేర్ల వల్ల" అన్నారు. నాకు అలా అనిపించలేదు.

మొదటి తప్పుకు ఏ భాషతోనూ సంబంధం లేదు. జామెట్రీ బాక్సులో ఉండే కోణమానిని, అదే ప్రొట్రాక్టర్, ఒకసారి చేతిలోకి తీసుకోండి. దాని మీద రెండు వరసల అంకెలుంటాయి. ఒక వరస ఎడమ నుంచి, ఇంకోటి కుడి నుంచి, రెండూ 0 నుంచి 180 దాకా వెళ్తాయి. మీ పాప గీత మీద సరిగ్గానే పెట్టింది, చూడాల్సిన వరస బదులు పక్క వరస చూసింది. 130 ఉన్న చోటే రెండో వరసలో 50 ఉంటుంది. 50 అని కొలిచాక అక్యూట్ అని రాయడం సరైనదే కదా! అంటే పేరు దానికి తెలుసు. చేయనిదల్లా కొలిచే ముందు ఆ కోణాన్ని కంటితో ఒకసారి చూడటం. మీరు అడిగిన ప్రశ్న, "లంబకోణం కంటే పెద్దగా ఉంది కదా" అన్నది, సరిగ్గా ఆ చూపే. ఆ పూట ఆ ఇంట్లో లెక్కలు తెలిసిన మనిషి మీరే.

రెండో తప్పు పేర్లది. కాంప్లిమెంటరీ, సప్లిమెంటరీ రెండూ చెవికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. నిజం చెప్పండి, పూరక కోణాలు, సంపూరక కోణాలు మాత్రం మనల్ని తక్కువ తికమక పెట్టాయా? రెండు కలిస్తే 90 అయ్యేవి పూరకాలు, 180 అయ్యేవి సంపూరకాలు. ఇక్కడ తెలుగు పెద్దగా ఆదుకోదు. ఇంగ్లిష్ అక్షరాల వరసలో ఎస్ కంటే సి ముందొస్తుంది, అంకెల్లో 180 కంటే 90 ముందొస్తుంది అని గుర్తు పెట్టుకోమనండి, చాలు. ఇందాకటి ప్రొట్రాక్టర్‌నే మళ్లీ చూపించండి. దాని మీద ఏ గీత దగ్గర చూసినా రెండు వరసల అంకెలు కలిపితే 180. 50, 130. 70, 110. పాప తప్పు చదివిన అంకే సప్లిమెంటరీ అంటే ఏమిటో దానికి చూపిస్తుంది.

మూడోది ఊహకు సంబంధించినది. పుస్తకంలో క్యూబాయిడ్ బొమ్మలో మూడు ముఖాలే కనిపిస్తాయి, వెనక ఉన్నవి చుక్కల గీతలు. దాన్ని చూసి లెక్కపెట్టలేక, బట్టీ పట్టిన 6, 8, 12 అంకెల్లోంచి ఒకటి రాసేసింది. ముఖాలు 6, శీర్షాలు (అంటే మూలలు) 8, అంచులు 12. మిఠాయి డబ్బా ఒకటి ఇచ్చి అతుకులు విప్పి పరచమనండి. మూత మడతలు, అతుకు కోసం వదిలిన చెవులు కత్తిరించేస్తే ఆరు దీర్ఘచతురస్రాలు మిగులుతాయి. దీన్నే మన పుస్తకాల్లో వలరూపం అనేవాళ్లు. వాళ్లు నెట్ అంటారు. మళ్లీ మడిచి డబ్బా చేయమనండి. ఒక్కో ముఖం మీద స్కెచ్ పెన్నుతో అంకె వేయమనండి. ఆ తర్వాత దానికొక చిన్న కిటుకు చెప్పండి: ముఖాలు, శీర్షాలు కలిపితే అంచుల కంటే ఎప్పుడూ రెండు ఎక్కువ. 6, 8 కలిపితే 14. అంచులు 12. చతురస్రం అడుగున్న పిరమిడ్‌కు ముఖాలు 5, శీర్షాలు 5, అంచులు 8. అక్కడా రెండే తేడా. పద్దెనిమిదో శతాబ్దంలో ఆయిలర్ అనే గణిత శాస్త్రవేత్త గమనించిన సంగతి ఇది. చదునైన ముఖాలుండి, సొట్టలు, కన్నాలు లేని ఘనాకృతి ఏదైనా ఇంతే. పరీక్షలో అంకెలు తారుమారైనా పాప తనే సరిచూసుకోవచ్చు.

ఇక మీ తెలుగు మాటల సంగతి. ఇక్కడ కాస్త ఆగి మాట్లాడాలని ఉంది.

మా నాన్నగారు నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదువుకున్నారు. ఆయనకు కోణం అంటే జావియా, త్రిభుజం అంటే ముసల్లస్. ఈ హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో మొదలైనప్పుడు పాఠాలు ఉర్దూలోనే. వాటికి పుస్తకాలు కావాలని అంతకు ఏడాది ముందే దారుల్ తర్జుమా అని ఒక అనువాద సంస్థను పెట్టి, సైన్సుకూ లెక్కలకూ వేలాది మాటలు తయారుచేశారు. తర్వాత రోజులు మారాయి. 1968లో తెలుగు అకాడమీ వచ్చింది, కాలేజీ చదువులకు తెలుగులో పుస్తకాలు వచ్చాయి. నేను తెలుగులో చదివాను. ఇప్పుడు మా మనవడు ట్రయాంగిల్ అంటాడు. ఒకే ఊరు, ఒకే ఇల్లు, మూడు తరాలు, మూడు మాటలు. నాకు లెక్క రానప్పుడు మా నాన్న ముసల్లస్ అంటూనే పలక మీద గీసి చూపించేవారు. నేను త్రిభుజం అనుకుంటూ నేర్చుకున్నాను. నాకెప్పుడూ అడ్డం పడలేదు. అందుకే తెలుగు పేరు వింటే పిల్ల చెడిపోతుందన్న మాటను నేను నమ్మను. అంతెందుకు, 2022-23లో తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం పెట్టినప్పుడు, పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్‌లో, దాని ఎదురు పేజీ తెలుగులో అచ్చు వేశారు. రెండు భాషలూ పక్కపక్కన ఉంటే పిల్లలకు మేలని అనుకుంటేనే కదా అలా చేస్తారు! ఆ ఏడో తరగతి లెక్కల పుస్తకం ఫోన్‌లోకి దించుకోండి, విద్యాశాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. మీరు మరిచిపోయిన మాటలు ఎడమ పక్కనో కుడి పక్కనో కనిపిస్తాయి.

అయితే తెలుగు మాట ప్రతిసారీ దారి చూపిస్తుందని కూడా అనుకోకండి. లంబకోణం చూపిస్తుంది. లంబం అంటే వేలాడేది, మేస్త్రీ గోడ పక్కన వదిలే గుండు దారం. ఆ దారానికీ, మట్టంగా ఉన్న నేలకూ మధ్య ఉన్నదే 90. సమద్విబాహు త్రిభుజం అంటే పేరులోనే అర్థం ఉంది: సమానమైన రెండు బాహువులు. వాళ్ల ఐసోసిలిస్ గ్రీకు మాట, దానర్థం సమానమైన కాళ్లు అని. మనవాళ్లు చేతులన్నారు, వాళ్లు కాళ్లన్నారు. పాపకు ఇది చెప్పి చూడండి, ఆ పేరు ఇక మరిచిపోదు. అక్యూట్ అంటే లాటిన్‌లో మొన తేలినది, మీ సూదిలా. అబ్ట్యూస్ అంటే మొద్దుబారినది. మనం మాత్రం కొలతను బట్టి అల్పకోణం, అధికకోణం అన్నాం. మా రోజుల్లో లఘుకోణం, గురుకోణం అని కూడా ఉండేవి.

కానీ కర్ణం దగ్గర జాగ్రత్త. లంబకోణ త్రిభుజంలో పొడవైన భుజాన్నీ కర్ణమే అంటాం, చతురస్రంలో ఎదురు మూలలు కలిపే గీతనూ కర్ణమే అంటాం. ఇంగ్లిష్‌లో మొదటిది హైపోటెన్యూస్, రెండోది డయాగొనల్. మీరు కర్ణం అని ఊరుకుంటే పాప ఏది రాయాలో తేల్చుకోలేకపోతుంది. స్థూపం కూడా అంతే. గన్‌పార్కులో అమరవీరుల స్తూపం చూసిన పిల్లకు, సిలిండర్‌ను స్థూపం అంటే ఏం బోధపడుతుంది? మీ మిషన్‌లో బాబిన్ తీసి చేతిలో పెట్టండి, సిలిండర్ అని మాత్రమే చెప్పండి. టీచర్ భయంలో ఈ పాటి నిజం ఉంది. పరీక్షలో పాప ఇంగ్లిష్‌లోనే రాయాలన్నది కూడా నిజమే. ఆ రెండూ ఒప్పుకుంటే ఆవిడతో మాట్లాడటం మీకు తేలికవుతుంది.

మీ ముందున్న దారుల గురించి.

ట్యూషన్ చెడ్డదేమీ కాదు. శ్రావణ మాసంలో, పెళ్లిళ్ల సీజన్‌లో మీకు రాత్రి పదకొండు దాకా కుట్టు ఉంటుందని రాశారు. ఆ రోజుల్లో పాప పక్కన కూర్చోలేకపోతే అది మీ తప్పు కాదు. కానీ చేర్చే ముందు ఒకరోజు వెళ్లి చూడండి. ఆ ట్యూషన్‌లో పిల్లల చేత గీయిస్తున్నారా, కొలిపిస్తున్నారా, ప్రశ్నజవాబులు బట్టీ పట్టిస్తున్నారా? బట్టీ అయితే బడిలో జరిగేదే సాయంత్రం ఇంకోసారి జరుగుతుంది, నెలకు మూడు వేలు పోతాయి. కాస్త మార్కులు పెరిగినా వచ్చే ఏడాది మళ్లీ ఇదే గొడవ. ఇంకోటి, ట్యూషన్ వల్ల మార్కులొస్తాయేమో గానీ, పాప నోటుబుక్కు తీస్తే మీరు వంటింట్లోకి వెళ్లే అలవాటు మాత్రం అలాగే ఉండిపోతుంది. ఉత్తరమంతా చదివితే మిమ్మల్ని ఎక్కువ బాధపెడుతున్నది అదే అనిపించింది.

మీరే కూర్చుని పాఠం చెప్పడం రెండో దారి. మీకు ఆ పాఠం వచ్చు, సందేహం లేదు. కానీ పన్నెండేళ్ల పిల్లకు అమ్మ టీచర్‌గా మారితే రోజూ ఒక గొడవ కావచ్చు. మీకు అలసట, దానికి విసుగు. రెండు వారాల్లో మళ్లీ "నీకు రాదు" దగ్గరికే వస్తుందేమోనని నా భయం. కూర్చోవాలనే అనుకుంటే పుస్తకంతో కాకుండా మీ కటింగ్ బల్ల దగ్గర మొదలుపెట్టండి.

ఆ బల్ల మీద ఏమున్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు, అయినా ఒకసారి లెక్కల కంటితో చూడండి. ఎల్ స్కేలు లంబకోణం. క్రాస్ కట్ బ్లౌజుకు మీరు బట్టను ఏటవాలుగా తిప్పుతారు కదా, అది నిలువు పోగుకు 45 డిగ్రీలు. బట్ట ఎక్కువ సాగేది ఆ వాటంలోనే అని మీకు తెలుసు. కత్తెర తెరవండి: అంచుల మధ్య ఎంత కోణం ఏర్పడిందో వెనక పిడుల వైపు గీతల మధ్యా అంతే ఏర్పడుతుంది. అవి శీర్షాభిముఖ కోణాలు, వాళ్ల భాషలో వర్టికల్లీ ఆపోజిట్ యాంగిల్స్. మీ పెద్ద కత్తెరనూ, దారాలు కత్తిరించే బుల్లి కత్తెరనూ ఒకే మేరకు తెరిచి పక్కపక్కన పెట్టి, ఏ కోణం పెద్దదని అడగండి. పెద్ద కత్తెరదే అంటుంది చూడండి, చాలామంది పిల్లలు అంటారు. చేతులు పొడవైతే కోణం పెరగదని పుస్తకం ఎంత చెప్పినా ఎక్కదు, రెండు కత్తెరలు ఒకదాని మీద ఒకటి పెడితే ఎక్కుతుంది.

ఇక టక్కు, అదే బట్టను మడిచి వేసే కుట్టు. చాక్‌పీసుతో మీరు గీసే టక్కు ఒక సమద్విబాహు త్రిభుజం. రెండు గీతలూ సమానంగా లేకపోతే కుట్టేటప్పుడు చివర్లు కలవవు, బట్ట ముడత పడుతుంది. కలిపి కుట్టగానే చదునుగా ఉన్న బట్ట మొన దగ్గర ఉబుకుతుంది. చదును బట్టలోంచి శంకువు, అదే కోన్, పుట్టేది అక్కడే. ఒక పాత గుడ్డ ముక్క ఇచ్చి పాప చేతనే టక్కు గీయించి, కుట్టించి, వేలు లోపల పెట్టి చూడమనండి. ఏడో తరగతి పుస్తకం గీతల నుంచి ఘనాకృతుల దాకా ఎన్నో పేజీల్లో చెప్పేదాన్ని మీరు రోజుకు ఇరవైసార్లు చేస్తున్నారు.

మూడో దారి నాకు నచ్చినది, కానీ మీకు కష్టమైనది. పాపను మీకు టీచర్ని చేయడం. "మా బుక్కులో ఏకాంతర కోణాలు అనేవాళ్లు, మీ బుక్కులో ఏమంటారో చెప్పు, నేను రాసుకుంటా" అని ఒక నోటుబుక్కు తెరవండి. తిర్యక్ రేఖ ఎదురుగా ట్రాన్స్‌వర్సల్, సంగత కోణాలు ఎదురుగా కరస్పాండింగ్, ఏకాంతర కోణాలు ఎదురుగా ఆల్టర్నేట్. పాప చెప్తుంది, మీరు రాస్తారు, పక్కన బొమ్మ మాత్రం ఇద్దరూ గీయాలి. చెప్పడానికి అది ముందు చదువుకోవాలి కదా. ఇందులో నష్టం కూడా చెబుతాను. మీ ఉచ్చారణ దిద్దుతుంది, ఒక్కోసారి నవ్వుతుంది. ఆ నవ్వు మీరు తట్టుకోగలరా అన్నది మీరే తేల్చుకోవాలి. ఈ మధ్య తగిలిన దెబ్బ ఇంకా పచ్చిగా ఉంటే, ఇప్పుడే మొదలుపెట్టకండి.

వదిలేయడం కూడా ఒక దారే, అత్తమ్మ చెప్పినట్టు. పిల్ల ఏదో ఒకలా గట్టెక్కుతుంది. ఎనిమిదిలో, తొమ్మిదిలో త్రిభుజాలు, సమాంతర రేఖలు అన్నీ ఈ ఏడాది పాఠం మీదే నిలబడతాయి కాబట్టి ఆ దారి మాత్రం నేను చెప్పలేను.

టీచర్ దగ్గరికి మాత్రం ఏ దారిలో వెళ్లినా ఒకసారి వెళ్లండి. తెలుగు గొప్పదా ఇంగ్లిష్ గొప్పదా అన్న వాదన వద్దు. "మేడమ్, ఇంట్లో అర్థం తెలుగులో చెప్పుకుంటాం, రాయడం మీరు చెప్పినట్టే రాయిస్తా. పాప తెలుగు మాట అంటే మాత్రం కోప్పడకండి" అని అడగండి. ఒప్పుకుంటే పాప మీద బరువు సగం దిగిపోతుంది. ఒప్పుకోకపోతే ఆవిడ తరగతిలో ఆవిడ పద్ధతి, మీ ఇంట్లో మీ పద్ధతి అని పాపకు నెమ్మదిగా చెప్పండి. పిల్లలు ఇలాంటివి మనం అనుకున్న దానికంటే తొందరగా అర్థం చేసుకుంటారు. మీ పాప బస్సులో హిందీ, బడిలో ఇంగ్లిష్, నానమ్మతో తెలుగు మాట్లాడుతుందని మీరే రాశారు.

ఇప్పుడు ఆ ఇద్దరు ఆడవాళ్ల ముందు అన్న మాట. "నీకు మ్యాథ్స్ రాదు" అన్న వాక్యం మీ ఉత్తరంలో మూడు చోట్ల ఉంది. పాప నోట్లోంచి అది వచ్చింది చిన్నచూపుతో అని మీరనుకుంటున్నారు. నాకు ఆ మాటకు ముందున్న వాక్యం కనిపిస్తోంది: "మా మేడమ్ తిడతది." 25కి 8 వచ్చి, తిట్లు తిని, ఆ కాగితం ఇంట్లో చూపించాల్సి వచ్చిన రోజు అది. భయంలో అంది. అయినా ఆ మాట మీకు తగిలిందని దానికి తెలియాలి. కోపంగా కాదు, ఇద్దరే ఉన్నప్పుడు, "ఆ రోజు వాళ్ల ముందు అట్లంటే నాకు ఏడుపొచ్చింది" అని ఒక్క మాట చెప్పండి. మీ పదో తరగతి మెమో బీరువాలో ఉంటే తీసి చూపించండి. గొప్ప కోసం కాదు. అమ్మ ఇంటర్ మధ్యలో ఆగిపోయిందని తెలుసేమో గానీ, లెక్కల్లో 91 తెచ్చుకుని ఆగిపోయిందని మీ పాపకు ఎవరూ చెప్పి ఉండరు.

మీ చివరి సందేహానికి జవాబు: పరావర్తన కోణం. 180 కంటే ఎక్కువ, 360 కంటే తక్కువ ఉండేది. అది కూడా మీ బల్ల మీదే ఉంది. ఈసారి స్క్వేర్ నెక్ బ్లౌజు కట్ చేసినప్పుడు ఆ మెడ మూలను పాపకు చూపించండి. ఖాళీ వైపు 90 డిగ్రీలు. మరి బట్ట ఉన్న వైపు ఎంత? మడత తిప్పడానికి మీరు చిన్న కత్తిరింపు ఇచ్చేది సరిగ్గా ఆ మూలలోనే. ప్రొట్రాక్టర్ 180 దాకే ఉంటుంది కాబట్టి పాప కాసేపు తిప్పలు పడుతుంది. 360లోంచి 90 తీసేయాలని దానికే తట్టేదాకా మీరు 270 అని చెప్పకండి.